గోల్లో నిలబడి అండీ అన్నవాణ్ణి

నన్ను గోల్‌కీపర్ని చేసింది నా పొడుగు కాదు, మురుక్కాలవ. అమలాపురంలో మేం ఆడుకునే గ్రౌండుకి ఒక పక్క గోలు వెనకాలే ఆ కాలవ ఉండేది. బంతి దాటిపోతే అందులోనే పడేది. దిగి తెచ్చేవాడు ఒకడు కావాలి కదా. మా పేట నుంచి ఆటకి వెళ్లేవాణ్ణి నేనొక్కణ్ణే. "నువ్వక్కడ నిలబడరా, బంతి పడితే తెద్దువుగాని" అన్నారు పెద్దిళ్ల కుర్రాళ్లు. అలా పేరుకి గోల్‌కీపర్ని, పనికి కాలవకీపర్ని అయ్యాను. బంతి నన్ను దాటకపోతే కాలవలోకి దిగక్కర్లేదన్న సంగతి నెల తిరక్కుండానే బోధపడింది. ఆ కాలవ నిండా జలగలు. తర్వాత రోజుల్లో నా ఆట చూసి, ఎవరి దగ్గర నేర్చుకున్నావోయ్ అని అడిగినవాళ్లకి జలగల దగ్గరని చెబితే వేళాకోళం అనుకునేవారు.

డెబ్బైల మొదట్లో టౌను టీములోకి తీసుకున్నారు. గోల్‌కీపరుకి చేతులతో ఎంత పనో నోటితోనూ అంతే పని. ఎదురుగా ఆడుతున్న పదిమందికీ కనిపించనిది వెనక నిలబడ్డవాడికి కనిపిస్తుంది. గోలు ముందు కాపు కాసే బ్యాకు అడ్డం వస్తే తప్పుకోమనాలి. బంతి తనదైతే తనదని కేకెయ్యాలి. లేకపోతే ఇద్దరూ ఒకే బంతికి వెళ్లి గుద్దుకుంటారు, లేదా నువ్వంటే నువ్వని ఇద్దరూ వదిలేస్తారు. ఇదంతా పుస్తకంలో మాట. మా టీములో బ్యాకు ఎవరనుకున్నారు? రైసుమిల్లువారి అబ్బాయి. మా నాన్న ఆ మిల్లులోనే బస్తాలు మోసేవాడు. ఆ అబ్బాయిని పట్టుకుని "తప్పుకో" అని ఏ నోటితో అంటాను?

కాకినాడలో ఫైనలు. ఇంకో నాలుగైదు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా ఒక బంతి పైకి లేచి నా మీదకి వచ్చింది. కళ్లు మూసుకుని పట్టెయ్యగల బంతి. అబ్బాయిగారు కూడా దాని కిందకే వస్తున్నారు. "అబ్బాయిగారండీ, ఇది నేను చూసుకుంటానండీ" అన్నాను. "ఇది నేను" దగ్గరకొచ్చేసరికి బంతి మా ఇద్దరి మధ్యా నేల మీద పడింది. "చూసుకుంటా" దగ్గర వాళ్ల ఫార్వర్డు కాలు తగిలింది. "నండీ" అనేసరికి వలలో ఉంది. మాట సగంలో మింగెయ్యడం మర్యాద కాదని, గోలయ్యాక కూడా పూర్తిచేశాను చూడండి, అదీ నా పెంపకం.

తిరిగి గోదావరి దాటుతూ పంటు మీద నిలబడ్డాం. ఒక్కరూ నన్ను తిట్టలేదు. "గోలయితే అయిందిగానండీ, కుర్రాడి మాటతీరు మా గొప్పదండీ" అని మేనేజరుగారు మెచ్చుకున్నారు. "ఆయ్" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. నాకు ఏడుపొచ్చింది. "నాది" అని ఒక్క కేక వేసుంటే కప్పు మాదే. రెండక్షరాలు. ఊళ్లో చంటిపిల్లలు బొమ్మల దగ్గర అనే మాట ఇరవయ్యేళ్లవాడికి నోట రాలేదు.

మరి రెండేళ్లకి మోకాలు పోయింది. డ్రిల్లు మాస్టారి ట్రైనింగు పాసై, మా దగ్గర్లోనే ఒక ఎయిడెడ్ హైస్కూల్లో చేరాను. టెంపరరీ. ఏప్రిల్లో తీసేసేవారు, జూన్లో వేసుకునేవారు. మధ్యలో రెండు నెలలు నేను మాస్టార్నో కాదో నాకే తెలిసేది కాదు. స్కూలు కరస్పాండెంటుగారు చుట్టుపక్కల కొబ్బరితోటలన్నీ తనవే అయిన పెద్దరైతు. నోరు విప్పితే తేనె. నన్ను తీసేసేటప్పుడు కూడా "వేసవిలో తవరు కాస్త విశ్రాంతి తీసుకోండి మాస్టారూ" అనేవారు. అలా ఏడేళ్లు విశ్రాంతి తీసుకున్నాను.

ఎనభైల నడిమిలో ఆ పోస్టు పర్మనెంటు అయింది. స్కూలు కమిటీ ఎవరి పేరు రాసి పంపితే వాళ్లదే. "మీరుండగా ఇంకోళ్ల పేరెందుకండీ? ఈ ఏడు జోనల్ కప్పు మన బడికి తెచ్చెయ్యండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు కరస్పాండెంటుగారు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ చేతిలో చేట కింద పెట్టేసింది. "అయితే ఇంక మనకి ఏప్రిలు ఉండదు కదండీ?" అని రెండుసార్లు అడిగింది. ఉండదన్నాను. మొగాణ్ణి కదా, కోతలకేం తక్కువ.

నా టీములో గోల్‌కీపరు తొమ్మిదో తరగతి కుర్రాడు. పక్క పేటవాడు. వాళ్ల నాన్న కరస్పాండెంటుగారి కమతంలో జీతానికి కుదిరిన పాలికాపు. బంతి ఎటు వస్తుందో తన్నేవాడికంటే ముందు వీడికి తెలిసేది. అన్నీ ఉన్నాయి, నోరు లేదు. బ్యాకు ఎవరంటే కరస్పాండెంటుగారి మనవడు. ఇద్దరిదీ ఒకే క్లాసు, ఒకే బెంచీ. అయినా వీడు వాణ్ణి "బాబుగారండీ" అనే పిలిచేవాడు. మొదటిరోజు ప్రాక్టీసులో పైనుంచి బంతి వస్తుంటే "బాబుగారండీ, మీరు కానిస్తారా, నన్ను పట్టుకోమంటారా?" అని అడిగాడు. కాకినాడ గ్రౌండు కళ్ల ముందు గిర్రున తిరిగింది. ఒళ్లు మండి, వాడి చెవి పట్టుకుని గోల్లోంచి బయటికి లాగాను.

"రేపట్నుంచి నీకు బంతి లేదు. గొంతే" అన్నాను.

రోజూ సాయంత్రం వాణ్ణి పంట కాలవ గట్టు మీద నిలబెట్టి, అవతలి గట్టుకి వినపడేలా "నాదీ!" అని కేకెయ్యమనేవాణ్ణి. మొదట పిల్లి కూత కూడా వచ్చేది కాదు. అయిదోరోజుకి గొంతు విచ్చుకుంది. ఆరోరోజు అవతలి గట్టున గేదెని మేపుకుంటున్న ముసలాయన పంచె ఎగ్గట్టి, మొలలోతు నీళ్లు దాటి వచ్చేశాడు. "నీదేంటిరా? ఈ గేది పుట్టింది నా సావిట్లో! మాస్టారండీ, పిల్లలకి ఇదేనా మీరు నేర్పేది?" అని నన్ను నిలదీశాడు. గేదె ఆయనదేనని, మాది బంతి అని ఒప్పించేసరికి తలప్రాణం తోక్కొచ్చింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వు రెండ్రోజులు కూడా నిలవలేదు. కీపరు నాన్న తలగుడ్డ చేత్తో పట్టుకుని స్కూలు వరండా కింద నిలబడి ఉన్నాడు.

"మాస్టారండీ, మావోడు గట్టు మీద నిలబడి నాది నాది అని కేకలేత్తన్నాడంట కదండీ? ఆ గట్టు రైతుగారిదండీ. పక్కన తోటా ఆరిదేనండీ. ఎవరో ఎళ్లి సెప్పేరండీ. రైతుగారు కబురెట్టేరండీ."

"ఆటలో మాటయ్యా అది. బంతి నాదని."

"మీకు ఆటేనండీ. సెంటు బూవి లేనోడు నాది అంటే కేసయిపోద్దండీ."

నేనేదో హాస్యం ఆడబోయి ఆగిపోయాను. ఇన్నాళ్లూ దీన్ని మర్యాద జబ్బు అనుకుంటున్నాను. మర్యాదా నా మొహమా! అబ్బాయిగారు నన్ను ఏనాడైనా అండీ అన్నారా? కరస్పాండెంటుగారి మనవడు వీణ్ణి పిలిచేది "ఒరేయ్" అనే. వాళ్ల గోలుకి కాపలా కాస్తాం, మా నోటికి వాళ్లు కాపలా కాస్తారు. ఆ పెద్దమనిషిని బెంచీ మీద కూర్చోబెట్టి, కబురు సంగతి నేను మాట్లాడతానని చెప్పి పంపాను.

నేను వెళ్లేలోపే మావాళ్లు గెలుస్తూ ఫైనలుకి చేరారు. ఆటకి ముందురోజు కరస్పాండెంటుగారే నన్ను పిలిపించారు. గట్టు మాటే ఎత్తలేదు, పెద్దమనిషి కదా. "రేపు ఫైనలు మన గ్రౌండులోనే కదండీ. డీయీవోగారు కూడా వస్తున్నారు. మరి, పదిమంది ముందూ మా వాణ్ణి ఆ కుర్రాడు తప్పుకో గిప్పుకో అని కేకలేస్తే బావుండదు కదండీ. పిల్లలకి తవరు చెప్పాలి గానీ మేం చెప్తే ఏం బావుంటుంది? కమిటీ మీటింగు కూడా సోమవారమే పెట్టేం."

"ఆయ్" అన్నాను.

చవట వెధవని. ఆ సాయంత్రం కుర్రాణ్ణి పక్కకి పిలిచి, "రేపు కాస్త మెల్లగా కేకెయ్యరా" అన్నాను. వాడు బిత్తరపోయి చూశాడు. "మెల్లగా అంటే ఎంతండీ?" అని అడిగాడు. నేనే నేర్పి, నేనే నోరు నొక్కుతున్నాను. పర్మనెంటు పోస్టు కోసం ఏడేళ్లు ఆగినవాడికి సిగ్గు కూడా టెంపరరీగానే ఉంటుంది. పోయి పడుకో అని కసిరి పంపేశాను.

ముందురోజు వాన పడి గ్రౌండంతా బురద. కరస్పాండెంటుగారూ డీయీవోగారూ గొడుగుల కింద కుర్చీల్లో కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతున్నారు. మావాళ్లు మొదట గోలు కొట్టారు. ఇంక పది నిమిషాల్లో హాఫ్‌టైము అనగా మా గోలు ముందుకి బంతి వచ్చింది. కీపరు నోరు తెరిచాడు, నా వైపు చూశాడు, "బాబుగారండీ..." అన్నాడు. అంతే. బాబుగారు వెనక్కి తిరిగి "ఏంటిరా?" అని అడుగుతున్నారు, బంతి పక్కనించి వెళ్లి గోల్లో పడింది. కుర్చీల్లోవాళ్లు "అయ్యో, అయ్యో" అన్నారు. నాకు జరిగిందే నా కళ్ల ముందే, నా నోటితోనే, ఇంకొకడికి చేశాను.

హాఫ్‌టైములో వాడు నిమ్మకాయ చెక్క పట్టుకుని తల దించుకుని కూర్చున్నాడు. "అండీ అనేలోపే అయిపోయిందండీ" అన్నాడు.

"ఇంక అనకు. గట్టు మీద ఎలా వేశావో అలా వెయ్యి కేక" అన్నాను.

"మరి కరస్పాండెంటుగారండీ?"

"ఆయన గోల్లో లేరు కదరా. నువ్వున్నావు."

మనవడు పక్కనే బూట్లకంటిన బురద గీక్కుంటున్నాడు. "వెయ్యరా బాబూ, నాకు వెనకాల ఏం జరుగుతోందో చచ్చినా కనపట్టం లేదు" అన్నాడు. కుర్రాడు మంచివాడే. తప్పంతా వెనకటి తరానిది.

సెకండాఫు మొదలైన దగ్గర్నుంచి వాడి గొంతు మెయిన్‌రోడ్డు దాకా వినపడింది. "ఎడం పక్కకి రా! వాణ్ణి వదలకు! వెనక్కి, వెనక్కి!" ఒక్క గారూ లేదు, ఒక్క అండీ లేదు. కుర్చీల వైపు చూసే ధైర్యం లేక నేను బంతినే చూశాను. మావాళ్లు ఇంకో గోలు కొట్టారు. చివరి నిమిషంలో వాళ్లకి కార్నరు దొరికింది. బంతి గాల్లో తేలుతూ వచ్చింది. కింద పదిహేనుమంది. "నాదీ! తప్పుకో!" అని ఒక్క పొలికేక. లేచి, అందరి తలల మీంచీ రెండు చేతులతో పట్టేసుకున్నాడు. వాడి మోచెయ్యి తగిలి మనవడు బురదలో వెల్లకిలా పడ్డాడు. విజిలు వేశారు. బురదలోంచే మనవడు వాడి కాళ్లు పట్టుకుని నవ్వుతూ కిందకి లాగేశాడు. ఇద్దరూ దొర్లుతున్నారు. ఎవడు పాలికాపు కొడుకో, ఎవడు రైతుబిడ్డో మట్టి వల్ల తెలియలేదు. నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. కరస్పాండెంటుగారు లేచి చప్పట్లు కొట్టారు. కప్పుతో ఫొటో కూడా దిగారు.

సోమవారం కమిటీ గదికి రమ్మని కబురొచ్చింది. ఏడేళ్లలో ఆ గదికి ఎన్నోసార్లు వెళ్లాను. బీరువా పక్కన నిలబడి, సంతకం పెట్టించుకుని వచ్చేసేవాణ్ణి. ఆ రోజు కరస్పాండెంటుగారు తలుపు దాకా ఎదురొచ్చారు. "రండి మాస్టారూ, రండి, కూర్చోండి" అని తన పక్కనే ఉన్న కుర్చీ స్వయంగా లాగారు. కాఫీ తెప్పించారు. నా ఓపిక గురించీ, కప్పు గురించీ పావుగంట మాట్లాడారు. "పిల్లలకి గొంతు కూడా బాగా నేర్పేరండీ" అన్నారు. మెంబర్లు ఆయ్ ఆయ్ అన్నారు.

"తవరిలాంటి ప్రతిభ ఉన్నోళ్లని ఈ చిన్న పోస్టులో కట్టిపడెయ్యడం మాకు అన్యాయమనిపించిందండీ. పెద్ద ఊళ్లల్లో రాణించవలసినోరు. దీనికి మా మేనల్లుడు చాల్లెండి, ఎలాగోలా నెట్టుకొస్తాడు. తవరేమంటారు?"

ఆ రెండక్షరాలూ నోటిదాకా వచ్చాయి. బయటికి రాలేదు. "తవరి దయండీ" అని, కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి లేచాను.

మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. లోపల పొయ్యి మీద పాయసానికి పాలు కాగుతున్న వాసన.

"ఏవన్నారండీ?"

"కూర్చోమన్నారు" అన్నాను.

ఆవిడ నా మొహం వైపు ఒక్క క్షణం చూసింది. లోపలికి వెళ్లి పొయ్యి ఆర్పేసింది.