నడవడిక కాగితం

నేను ఎస్సెల్సీ ప్యాసైన ఏడాది మా ఊళ్లో చినుకు పడలేదు. కంబదూరు దగ్గర మెట్టపల్లె మాది. నాయన పోయాక ఇంట్లో అమ్మా, నేనూ. అనంతపురంలో పంతులమ్మ ట్రైనింగుకు దరఖాస్తు పెట్టాలంటే, నా నడవడిక మంచిదని ఊరి పెద్ద ఒకరు రాసివ్వాలి. మా ఊళ్లో అలాంటి కాగితాలు రాసేది మునసబు ఒక్కడే. గడువు సోమవారం.

మూడు రోజులు వరసగా ఆయన అరుగు దగ్గరికి పోయాను. రేపు రమ్మనేవాడు. మగపిల్లలకైతే నిలబడి ఉండగానే ‘యోగ్యుడు’, ‘గుణవంతుడు’ అని రాసిచ్చేవాడని నాకు తెలుసు. ఇంటికొచ్చి కూర్చోలేకపోయేదాన్ని. వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వాకిట్లోకి తిరిగేదాన్ని. మూడో రోజు అసలు సంగతి చెప్పాడు.

“నువ్వు నెమ్మదస్తురాలివే పాపా. మీయమ్మకే నోరెక్కువ. అట్లాంటోళ్ల ఇంటికి మంచిదని యెట్ల రాసేది? శుక్రవారం ఆ నోరు సదురుకోమను. రాస్తా.”

ఆ ఎండాకాలం ఊరి చుట్టుపక్కల నీళ్లున్న బావి ఒక్కటే. మునసబు చేని గట్టున ఉండేది. అది తన సొంతమని ఆయన చుట్టూ ముళ్లకంప వేయించాడు. మా వీధి ఆడవాళ్లు తాలూకా కచేరీలో మొరపెట్టుకుంటే, శుక్రవారం రెవెన్యూ ఇనస్పెక్టరు విచారణకు వస్తున్నాడు. నిజానికి ఆ బావి తవ్వినప్పుడు ఊరంతా వంతులేసుకుని రాళ్లు మోసింది. మోసినవాళ్లలో పోయినవాళ్లు పోగా, భయపడేవాళ్లు భయపడగా, నోరు విప్పి ఆ మాట చెప్పగలిగింది మా అమ్మ ఒక్కతే. ‘ఆయమ్మ చెప్పిందంటే చెప్పినట్లే’ అని మా వీధిలో ఆమెకు పేరు.

మునసబు అన్నది అమ్మకు చెప్పకూడదనుకున్నాను. రెండు పూటలు కూడా దాచలేకపోయాను. అమ్మ జొన్నలు చెరుగుతూ అంతా విన్నది. చేట ఆపకుండా, కాగితం సోమవారం లోపలే కావాలా అని మాత్రం అడిగింది. అవునన్నాను.

శుక్రవారం బావి దగ్గర ఊరంతా చేరింది. ఈ బావికి నువ్వు రాళ్లు మోసిన మాట నిజమేనా అని ఇనస్పెక్టరు అమ్మను అడిగాడు.

అమ్మ నా వైపు చూసింది. నిజమే చెప్పమ్మా అనడానికి నాకు కావలసినంత సేపు దొరికింది. నేను నా కాళ్లవైపు చూసుకుంటూ నిలబడ్డాను.

“నాకు గుర్తు లేదు సామీ. అది ఇంగో బావేమో” అంది అమ్మ.

ఆ సాయంత్రమే కాగితం ఇంటికి వచ్చింది. నేను సచ్ఛీలనట. మాది సత్యం తప్పని కుటుంబమట. చించేద్దామని రెండుసార్లు మడత విప్పాను. చించలేదు. మరునాడు బస్సెక్కాను. ట్రైనింగు స్కూలు గుమాస్తా దాన్ని చదవనైనా లేదు. చిల్లు పొడిచి దారానికి గుచ్చాడు.

సీటు వచ్చింది గానీ హాస్టల్లో నాకు కుదురు లేకపోయింది. పాఠం వింటూ వింటూ కిటికీలోంచి మబ్బుల కోసం చూసేదాన్ని. దసరా సెలవులకు వచ్చేసరికి మా వీధి ఆడవాళ్లు మైలున్నర దూరాన ఏట్లో చెలమ తవ్వుకుని నీళ్లు తెచ్చుకుంటున్నారు. నేనూ బిందె తీసుకుని వెళ్లాను. నీళ్లు ఊరేదాకా ఇసకలో కూర్చున్నాం. ఎవరూ అమ్మను తిట్టలేదు. అసలు ఆమె ఊసే ఎత్తలేదు. అది నేను ఓర్చుకోలేకపోయాను. మళ్లీ అర్జీ పెడదాం, నేను రాస్తానన్నాను.

పక్కింటి అక్క చెలమలోంచి తలెత్తింది. “రాయి. ముందు మీయమ్మ యేలిముద్ర యేస్తాదేమో అడుగు” అంది.

అమ్మే అందరికన్నా ముందు వేసింది. నెల తిరక్కముందే అదే ఇనస్పెక్టరు వచ్చాడు. నేను సెలవు పెట్టి వచ్చాను. అప్పుడు గుర్తు లేదన్నదానివి, ఇప్పుడెలా గుర్తొచ్చిందని ఆయన అమ్మను నిలదీశాడు.

“అప్పుడు అబద్దం చెప్పినా సామీ. మా పాపకు కాగితం కావల్ల, దానికోసరం చెప్పినా. రాళ్లు మోసింది నిజం.”

మునసబు అక్కడే ఉన్నాడు. నా సీటు పోయిందనుకున్నాను. అయినా ఈసారి అమ్మ పక్కకు పోయి నిలబడ్డాను.

రెండు మాటలు చెప్పే మనిషి సాక్ష్యం చెల్లదని రాసుకుని ఇనస్పెక్టరు వెళ్లిపోయాడు. కంప తీయలేదు. రెండేళ్ల తర్వాత ప్రభుత్వం మా వీధిలో వేరే బావి తవ్వించేదాకా ఆడవాళ్లు ఏటికే నడిచారు. నా సీటు కూడా పోలేదు. కానీ మునసబు ఏం రాసి పంపుతాడోనని, చదువు ముగిసేదాకా ప్రతి టపాకూ గుమాస్తా బల్లవైపు చూసేదాన్ని.

ఆ రెండో విచారణ జరిగిన మరునాడు పొద్దున నేను బస్సుకు పెట్టె సర్దుకుంటుంటే, చెలమకు పోయే ఆడవాళ్లు మా వాకిట్లో ఆగి అమ్మను కేకేశారు. వాళ్లు అలా పిలిచి ఎన్ని నెలలైందో. అమ్మ బిందె అందుకుని, నేను బయలుదేరుతున్నానన్న సంగతి కూడా మరిచి, గబగబా వాళ్లతో వెళ్లిపోయింది.