పేరు దాయనియ్యని టీచరమ్మ

నాంపల్లిల మా పక్కపోర్షన్ టీచరమ్మ పోయిన ఆదివారం పొద్దుగాల కాలం చేసింది. చర్చిల అందరు "ఎంత శాంతమైన మనిషి" అని మాట్లాడిన్రు. ఏడుపుల గూడ నవ్వొచ్చింది నాకు. ఆమె శాంతం సంగతి నాకెరుక!

నేను ఆబిడ్స్‌ల చీరల దుకాణంల పనిచేస్త. పొద్దంత నిలబడుడే. దుకాణంల ఆడోళ్లకు బాత్రూం లేదు. రోడ్డు మీది సర్కారు బాత్రూంకు అప్పటికే ఏడాది సంది తాళం. మేం ఏడుగురం నీళ్లు తాగుడే మానేసినం. మూత్రంల మంట లేచి నేను దవాఖానకు పోతే టీచరమ్మనే తోడొచ్చింది. వాపసొచ్చేటప్పుడు, "పేపర్ ఎడిటర్‌కు ఉత్తరం రాయి" అన్నది.

"నాకేం రాయొస్తది? మీరే రాయున్రి టీచరమ్మా."

"మంట నీకైతే నేనెట్ల రాస్తనే?"

ఆమెది ఒక పద్ధతి. మొదటి కాగితం మీద తిట్లన్ని రాసి చింపెయ్యాలె. రెండో దాని మీద కండ్లతోని చూసింది మాత్రమే రాయాలె. "తిట్లు మనకు, సంగతి ఎడిటర్‌కు" అంటుండె. బడిల కుట్లు నేర్పిన మనిషి గద, నా ఉత్తరం గూడ సగం కత్తిరించింది.

కింద 'ఒక బాధితురాలు' అని పెట్టిన. అద్దాలు సవరించుకొని చూసింది.

"గీ బాధితురాలు ఏ గల్లీల ఉంటదే?"

"పేరు పెడితే సేటు పన్లకెళ్లి తీసేస్తడు."

"పేరు దాసుకునేది దొంగలు. నువ్వేం దొంగిలించినవ్?"

పెట్టిన.

అచ్చైన రోజు సేటు నిజంగనే రేపటిసంది రావొద్దన్నడు. ఫోన్ చేస్తే టీచరమ్మ ఆటోల దిగింది. కౌంటర్ ముంగట కూసొని పెన్ను తీసింది.

"రెండో ఉత్తరం గీడనే రాస్త సేటూ. దుకాణం పేరు సరిగ చెప్పు."

"అమ్మా, జర ఆగున్రి" అన్నడు సేటు. నా నౌకరి నిలిచింది. పదిహేను రోజులల్ల తాళం గూడ తీసిన్రు.

ఆమెను మట్టిల పెట్టొచ్చి మర్నాడు పనికి పోతుంటే చూసిన, బాత్రూంకు మళ్ల తాళం! ఏడ్వలే. ఒళ్లు మండింది. మొదటి కాగితం చింపిన. రెండోది తెచ్చి కౌంటర్ కాడ చీర డబ్బా మీద పెట్టిన. పిలువకముందే తోటోళ్లు పేర్లు రాయనీకి వచ్చిన్రు. ఆఖరుకు మా ఏడుగురిల అందరికన్న భయస్తురాలు, సేటు ముంగట తలెత్తనిది, ఆయన చూస్తుండంగనే పేరు, ఇంటి నంబరు, గల్లీ అన్ని రాసింది. ఎంత ఒత్తి రాసిందో, కాగితం తీస్తే కింద డబ్బా మీద గూడ ఆమె పేరు అచ్చుపడ్డది.