మంత్రసాని బెర్గిత్ వాలు

"...స్లాలోమ్ అంటే మొనగాళ్లు దిగే బాట అని చెప్పావా లేదా? చెప్పావు. పైగా కాగితం మీద రాయించావు" అంది బెర్గిత్, కాఫీ కెటిల్ పొయ్యి మీద ఠప్పున పెడుతూ.

"రాయిస్తే ఏమైందక్కా? ఊరి పరువు."

"ముక్కు చీదుకుంటూ పిల్లలు దిగే వాలుకి పరువేంట్రా, స్వేనుంగ్?"

ఆ కాగితం రాసుకున్న రుస్తాద్ అక్కడే బల్ల దగ్గర రొట్టె నములుతున్నాడు. టెలెమార్క్ కొండల్లో పల్లెమాటలు సేకరించడానికి ఓస్లో నుంచి వచ్చి, బెర్గిత్ ఇంట్లోనే దిగాడు. 'స్లాలోమ్' అంటే ఏమిటని అడిగితే, స్కీ సంఘం పెద్ద స్వేనుంగ్, తక్కిన మగవాళ్లూ కలిసి, గుండె నిబ్బరమున్నవాళ్లు దిగే నిట్టనిలువు బాట అని చెప్పారు. మధ్యాహ్నం బస్సుకి అతను వెళ్లిపోతాడు. వెళ్తే ఆ అర్థమే నిఘంటువుకి ఎక్కుతుంది.

"అయినా ఒక్క మాట కోసం ఇంత రగడ ఎందుకు?" అన్నాడు స్వేనుంగ్.

"ఒక్క మాటే. కానీ జర్మన్లూ, ఫ్రెంచివాళ్లూ, ఇటలీవాళ్లూ, ఇంగ్లీషువాళ్లూ ఇదే మాట అంటున్నారు" అన్నాడు రుస్తాద్. "పత్రికల్లో చూశాను. అక్షరం అటో ఇటో, అంతే. అర్థం మాత్రం వాళ్లకి తెలీదు. ఇక్కడ ఏది రాసుకెళ్తే అదే నిలుస్తుంది."

బెర్గిత్ పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరిగింది. ఏడేళ్లప్పుడు నాన్న దుంగలు లాగిన జాడలో తను మొదటిసారి జారిన వాలు, ఇన్ని దేశాల నోళ్లలో పడిందా? అరవై ఒకటో ఏట ఆవిడకి నవ్వు ఆగలేదు. ముప్పై నాలుగేళ్లుగా మంత్రసానిగా చలికాలమంతా స్కీల మీదే ఇల్లిల్లూ తిరిగింది. ఏ బాట ఎవరిదో ఈ కొండ మీద ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"లే బాబూ. స్కీలు వచ్చా?"

"పట్నంలో రెండుసార్లు తొడుక్కున్నాను."

"చాలు."

ముగ్గురూ పశువుల పాక వెనక కొండెక్కేసరికి ఎండకి మంచు మెరుస్తోంది. బెర్గిత్ ముందు దిగింది. ఒంటి కర్ర చంకన పెట్టుకుని ఇటు ఒక వంపు, అటు ఒక వంపు, గాలికి కొంగులా రేగే శాలువా. "స్లా అంటే కాస్త వాలు, లోమ్ అంటే జాడ. ఇంతే" అని కింద నుంచి కేకేసింది. రుస్తాద్ అరువు స్కీల మీద మెల్లగా బయల్దేరాడు. సగం దారిలో ఒక చిన్నపిల్ల "పక్కకి జరుగు మామా" అంటూ దాటిపోయింది. అయినా అతను పడలేదు. అడుగు దాకా వచ్చి, నిలబడే ఉన్నానని నమ్మలేక తన కాళ్లకేసి చూసుకున్నాడు.

"చూశావా? నువ్వే దిగావు" అంది బెర్గిత్. తర్వాత కర్రతో ఎడమ పక్కకి చూపించింది. కొండచరియ అంచు, దాని కింద భూర్జ చెట్ల గుబురు, మంచులో సగం కూరుకుపోయిన కంచె. "నువ్వు రాసుకున్న అర్థం దానిది. ఊవిర్స్‌లోమ్. ప్రాణమంటే లెక్కలేనివాళ్ల జాడ."

రుస్తాద్ తన వెనకే దిగిన స్వేనుంగ్ వైపు తిరిగాడు. "మీరు దిగారా?"

స్వేనుంగ్ చేతితొడుగులు సర్దుకున్నాడు. "లేదు."

"మరి మీరు?"

"ఒక్కసారి. కాన్పుకి ఆలస్యమవుతుంటే" అంది బెర్గిత్.

"ఎప్పుడు? నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు స్వేనుంగ్.

"నీ కొడుకు హాల్వోర్ పుట్టినప్పుడు. బండిదారిన వస్తే సాయంత్రమయ్యేది. వాడు అడ్డం తిరిగున్నాడని కబురొచ్చింది. చరియ మీంచి వచ్చేశాను."

"అంత తొందరగా ఎలా వచ్చావో అనుకున్నాను."

"అనుకున్నావు. అడగలేదు."

రుస్తాద్ జేబులోంచి నిన్నటి కాగితం తీసి రెండుగా చింపాడు. కొత్తదాని మీద, బెర్గిత్ చెబుతుంటే, రెండు మాటలూ రెండు అర్థాలూ రాసుకున్నాడు. స్వేనుంగ్ అటు చూడలేదు. చరియ మీది నుంచి కంచె దాకా కళ్లతోనే ఒకసారి దిగాడు, మళ్లీ దిగాడు.

"ఆదివారం మన సంఘం పోటీ ఈ వాలు మీద కాదు, అటువైపు" అన్నాడు. "ముందు నేను దిగుతాను."