అమ్మమ్మ కొంగుకి వేసుకున్న ముడి

ఇవాళ రాజోలు బస్సులో ఒక పెద్దావిడ ఏదో గుర్తుంచుకోవడానికి చీరకొంగుకి ముడి వేసుకున్నారు. మీ ఇళ్లలోనూ వేసుకునేవారు కదా?

కొబ్బరి దింపుకి మనిషిని పిలవాలని మా అమ్మమ్మ ఓ పొద్దున్న అలాగే ముడేసుకుంది. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుంటే, నేను ఆటకి విప్పేశాను.

లేచి కొంగంతా తడుముకుంది. "దేనికో ముడేసినట్టే ఉందే అమ్మాయ్. అసలు వేశానో లేదో. నా బుర్ర పనిచెయ్యట్లేదు," అంటూ బొడ్లోని తాళాలు తీసి కోడలికిచ్చేసింది.

"అలా అనకండి అత్తయ్యగారూ," అంది మా అత్తయ్య.

గుమ్మం దగ్గరే ఉన్న నేను నోరు విప్పలేదు. అమ్మమ్మ ఆ తాళాలు మళ్లీ అడగలేదు.

ఇప్పుడు నాకూ మతిమరుపు. అన్నీ ఫోన్‌లో రాసుకుంటున్నాను. ఇదొక్కటే రాసుకోకుండా గుర్తుంటోంది.