కుండ మీద అమ్మ చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో లేదు, స్పీకర్ మాత్రం ఉండేది. వినడానికి వింతగా ఉంది కదూ. మొన్న ఫోన్‌లో చిన్నోడు, "అమ్మమ్మా, ఉన్న పైసల్ల స్పీకర్లు కొందామనుకుంటున్న, పెద్దయి కొనాల్నా చిన్నయి కొనాల్నా?" అని నవ్వుతూ అడిగాడు. అమ్మమ్మకు ఏం తెలుస్తుందిలే అని సరదాకే అడిగాడు. నేను ఏదో చెప్పి దాటేశాను. ఫోన్ పెట్టేశాక ఆ పూటంతా నాకు పని సాగలేదు. మీలో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేంత దగ్గరలో మీరు లేరు కాబట్టి రాస్తున్నాను. తీరిక ఉన్నప్పుడు చదవండి.

అప్పుడు నాకు పదేళ్లు. మెదక్‌లో చర్చికి పోయే దారిలో రెండు గదుల పెంకుటింట్లో కిరాయికి ఉండేవాళ్లం. మా నాయిన దర్జీ. చర్చిలో పాటలు పాడేవాళ్లు వేసుకునే తెల్లటి పొడుగు అంగీలు ఆయనే కుట్టేవాడు. వాటిలో ఒకటి అమ్మది. పెళ్లికాకముందు నుంచీ అమ్మ అక్కడ రెండో వరసలో నిలబడి పాడేది. ఇంట్లో జొన్నరొట్టె చేస్తున్నా, బట్టలు పిండుతున్నా ఆమె నోట్లో ఏదో ఒక పాట ఉండేది. పాట వినడానికి వేరే వస్తువు ఒకటి కొనాలని మాకు ఎప్పుడూ తోచలేదు.

ఆ ఏడు వానాకాలంలో అమ్మకు టీబీ అని తేలింది. దవాఖానలో కొన్నాళ్లు ఉంచుకుని, మిగిలిన సూదులు ఇంటి దగ్గర వేయించుకోమని పంపించారు. వెనక గది అమ్మదైంది. ఆమె పళ్లెం వేరు, గ్లాసు వేరు. నేను గడప దాటి లోపలికి పోకూడదు. గడప అవతల కూర్చుని, అమ్మ ముఖం చూస్తూ మాట్లాడి లేచి రావాలి. చూడ్డానికి వచ్చిన చుట్టాలు నా అంత దూరం కూడా వచ్చేవాళ్లు కాదు. ముందు గదిలోనే నిలబడి నాయినతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు.

పక్కింటి అక్క నర్సు. రోజూ పొద్దున డ్యూటీకి పోయే ముందు వచ్చి అమ్మకు సూది వేసేది. వారానికి ఒకసారి, చెవుల్లో మోత ఏమైనా వస్తోందా వదినా అని అడిగేది. అమ్మ లేదనేది. దగ్గుకు వేసే సూదికీ చెవులకూ ఏం సంబంధమో నాకు అర్థమయ్యేది కాదు. అడగాలని కూడా అనుకోలేదు.

పాడితే దగ్గు వస్తుందని అమ్మ పాడటం మానేసింది. పగలంతా ఒక్కతే ఆ గదిలో గోడ వైపు చూస్తూ పడుకునేది. నాయిన మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగి, వెనక గది వైపు చెవి పెట్టి, మళ్లీ తొక్కేవాడు. ఇది చూసి పక్కింటి అక్కే ఒక ఉపాయం చెప్పింది. వాళ్ల ఇంట్లో రేడియో ఉంది. దాని వెనక ఇంకో స్పీకర్ తగిలించే చోటు ఉందట. గోడ మీది నుంచి తీగ లాగితే, అక్క ఇంట్లో వచ్చే పాట అమ్మ గదిలోనూ వస్తుంది. రేడియో కొనే స్తోమత మాకు లేదు, ఒక్క స్పీకర్ కొంటే చాలు.

బజారులో ఒక చాచా రేడియోలు బాగుచేసేవాడు. నాయిన నన్ను వెంటబెట్టుకుని అక్కడికి పోయాడు. చాచా దగ్గర రెండు స్పీకర్లున్నాయి. ఒకటి పెద్దది, నున్నగా పాలిష్ పెట్టిన చెక్కపెట్టెలో, ముందు జరీ మెరిసే గుడ్డతో. రెండోది పాత రేడియోలోంచి తీసింది, వట్టి ఇనుప చట్రం, లోపల నల్ల కాగితం గిన్నె. నాయిన దగ్గరున్న డబ్బుకు ఆ చిన్నదే వస్తుంది. పెద్దది కావాలంటే ఆ క్రిస్మస్‌కు నాకు కొత్త గౌను ఉండదు. నాకు గౌను వద్దు, అమ్మకు పెద్దదే కావాలి అన్నాను. నాయిన నా తల నిమిరాడు. నిజం ఇప్పుడు చెప్తాను. నా మనసులో అమ్మ లేదు. ఆ జరీ గుడ్డ పెట్టె మా ఇంట్లో ఉంటే బడిలో పిల్లలకు చెప్పుకోవచ్చు, అదీ నా ఆశ.

చాచా రెండూ వినిపిస్తానని నన్ను కళ్లు మూసుకోమన్నాడు. నేను వేళ్ల సందులోంచి చూసి, పెద్దది పలికినప్పుడు ఇదే అని చెయ్యి చూపించాను. ఆయన పకపకా నవ్వాడు.

"కండ్లతోని విన్నవ్ బేటీ," అన్నాడు. తర్వాత నాయిన వైపు తిరిగి, గది ఎంత, మంచానికి గోడకు ఎంత దూరం, వినేది ఎందరు అని అడిగాడు. ఒక్క మనిషే అని నాయిన చెప్పాడు. "ఒక్క మనిషికి గంత డబ్బా ఎందుకు భాయ్. పానం బాగలేనోళ్లకు నెమ్మదిగ పలికేదే మంచిగుంటది," అని చిన్నది కాగితంలో చుట్టి ఇచ్చాడు. నాకు ఏడుపొచ్చింది. జల్లెడ లెక్కున్నది అని దారంతా సణిగాను.

నాయిన చాయ్‌పత్తా వచ్చే చెక్కపెట్టె పలకలతో దానికి చిన్న పెట్టె చేసి, అమ్మ కాళ్ల వైపు గోడకు కొట్టాడు. అక్క తీగ కలిపింది. పాట వచ్చింది. మేం ముగ్గురం అమ్మ ముఖం వైపు చూశాం. అమ్మ మా ముగ్గురి ముఖాలూ చూసి నవ్వింది. మంచిగున్నది అంది. ఆ రోజు నాయిన ఎన్నాళ్లకో కడుపునిండా అన్నం తిన్నాడు.

నాలుగైదు రోజులకు నాకు అనుమానం మొదలైంది. పాట వస్తుంటే అమ్మ గోడ వైపు తిరిగి పడుకునేది. ఆదివారం చర్చి గంట మోగిపోయాక, ఇంకా గంట కొట్టలేదా అని అడిగింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి రేడియో ఆగిపోయింది. నేను గడప దగ్గరికి పోయి, పాట ఎట్లున్నదమ్మా అని అడిగాను.

"మంచిగున్నది బిడ్డా," అంది.

నాకు మండిపోయింది. మేం ఇంత చేస్తే ఈమెకు వినాలని కూడా లేదు అనుకున్నాను. పెద్ద స్పీకర్ పోయిన కోపమంతా అప్పుడు బయటికొచ్చింది. గడప మీద నిలబడి, అమ్మ నా వైపే చూస్తుండగా అన్నాను.

"నువ్వసలు విననే వినవు. నీకు పెట్టిన పైసలన్ని దండుగ."

అమ్మ కాసేపు నా వైపు అలాగే చూసింది. తర్వాత, "ఆకలైతుందా బిడ్డా? గంపకింద రొట్టె ఉన్నది, తినుపో," అంది.

నేను రొట్టె తినలేదు. నేరుగా చాచా దుకాణానికి పోయి, మీ స్పీకర్ పలకడం లేదు, మా అమ్మకు వినబడడం లేదు అని చెప్పాను. తగువు పెట్టుకోవడానికే పోయాను. చిన్నది అంటగట్టారని కూడా అన్నాననుకుంటా. ఆయన కోపం చెయ్యలేదు. చేతిలో పని పక్కన పెట్టి, సైకిల్ మీద నన్ను ముందు కూర్చోబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

అప్పటికి కరెంటు వచ్చింది. స్పీకర్ పాడుతూనే ఉంది. చుట్టాలు దాటని ఆ గడప చాచా చెప్పులు విడిచి దాటాడు. అమ్మకు సలాం చేసి, గోడ దగ్గర నిలబడి చెవి పెట్టి విన్నాడు. మంచిగానే పలుకుతోంది. ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ ఆయన నోటి వైపే చూస్తోంది. అప్పుడు ఆయన స్పీకర్ సరిచేస్తున్నట్టు అమ్మ తల వెనక్కి పోయి, చేతిలోని, తీగలు కోసే కటింగ్‌ప్లేయర్‌ను బండల మీద వదిలేశాడు. అది ఠంగుమని పడింది. గడప అవతల నేను ఎగిరిపడ్డాను. అమ్మ కదల్లేదు. నేను ఎగిరిపడటం చూసి, ఏమైందని నన్ను అడిగింది.

చాచా కటింగ్‌ప్లేయర్ తీసి జేబులో పెట్టుకున్నాడు. కొత్త కుండ ఉంటే తెమ్మని నాకు చెప్పాడు. వచ్చే ఎండాకాలానికని నాయిన ముందే తెచ్చిన నీళ్ల కుండ ఉంటే తెచ్చి గడప మీద పెట్టాను. ఆయన గోడ మీది స్పీకర్ విప్పి, కుండ మూతి మీద బోర్లా పెట్టి, మిషన్ ఆపి లేచి వచ్చిన నాయిన ఇచ్చిన నాడాతో కట్టాడు. మంచం పక్కన పీట వేసి కుండను దాని మీద కూర్చోబెట్టాడు. ఇప్పుడు పాట గది నిండా గుమ్మని, కిందినుంచి వచ్చినట్టు వచ్చింది. తర్వాత ఆయన అమ్మకు ఎదురుగా గొంతుకూర్చున్నాడు. ఒక్కొక్క మాటా నెమ్మదిగా, నోరు బాగా తెరిచి చెప్పాడు.

"అమ్మా, ఇది జర ఊగుతది. నువ్వు చెయ్యి పెట్టి పట్టుకోవాలె. పట్టుకుంటనే మంచిగ పలుకుతది."

అమ్మ కుండ మీద అరచెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు లేచి, మళ్లీ దిగింది. ఆమె కళ్లు మూసుకుంది. కాసేపటికి రెండో చెయ్యి మంచం పట్టె మీద చిన్నగా దెబ్బలు వేయసాగింది. అవి పాటతోనే పడుతున్నాయి, ఒక్కటి కూడా తప్పలేదు.

"డోలు కొడుతున్నరు గదా," అంది.

నాయిన గబగబా ముందు గదిలోకి పోయాడు. మిషన్ చప్పుడు మాత్రం రాలేదు.

బయట సైకిల్ దగ్గర చాచా నా ఎదుట వంగి నిలబడ్డాడు. స్పీకర్‌కు ఏం కాలేదు బేటీ అన్నాడు. "అందరు వచ్చి ఏ స్పీకర్ మంచిదని నన్నడుగుతరు. వినేటోళ్లు ఎట్లున్నరో ఎవ్వరు చెప్పరు. నేను గూడ అడగలే. మీ అమ్మకు చెవులు పోయినయి. మీ నాయినకు, పక్కింటి ఆమెకు చెప్పు. అమ్మను మాత్రం అడగకు. దాచుకున్నది, దాచుకోనియ్యి." కుండ కట్టినందుకు నాయిన ఏదో ఇవ్వబోతే, స్పీకర్ పలకలేదని వచ్చిన, అది పలుకుతనే ఉన్నది, ఇంక దేనికి తీసుకోవాలె అని వెళ్లిపోయాడు.

నాయినకు చెప్పాను, పక్కింటి అక్కకు చెప్పాను. ఆ సూది కొందరికి చెవులు తీసుకుపోతుందట. అందుకే వారం వారం అడిగేదట. అడిగిన ప్రతిసారీ అమ్మ లేదని చెప్పింది. ఉందంటే సూది ఆపేస్తారు, ఆపితే తను మిగలదని అమ్మ భయపడి ఉంటుందని అక్క అంది. చెవులు పోతే పోనీ, నా పెళ్లి దాకా బతికితే చాలనుకుని ఉంటుంది. మందు మార్చారు. పోయిన చెవులు రాలేదు. మందు ఎందుకు మారిందని అమ్మ అడగలేదు, మేమూ చెప్పలేదు. కుండ ఊగుతుందనీ, అందుకే పట్టుకుంటున్నాననీ ఆమె అనేది. ఔననేవాళ్లం.

నాకు మాత్రం లోపల ఒక ఊరట ఉండేది. దొంగ ఊరట. అమ్మకు చెవులు లేవు, కాబట్టి నేనన్న ఆ మాట ఆమెకు వినబడలేదు. ఆకలవుతుందా అని అడిగింది కదా, వినబడితే అట్లా అడుగుతుందా. రోజూ పడుకునే ముందు ఇదే చెప్పుకునేదాన్ని.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చి గడప దగ్గర కూర్చున్నాను. అమ్మ బాగా చిక్కిపోయింది. చెయ్యి మాత్రం కుండ మీదే ఉంది. నన్ను చూసి నవ్వింది. కుండను వేళ్లతో మెల్లగా తట్టింది.

"దండుగ కాలే బిడ్డా. మంచిగ వినవడుతుంది," అంది.

దండుగ. నా మాట అది. ఆ ఇంట్లో ఆ మాట నేను తప్ప ఎవరూ అనలేదు. అప్పుడు నాకు తెలిసింది. ఎన్నో రోజులుగా ఆమె మా మాటలన్నీ నోళ్లు చూసే తెలుసుకుంటోంది. అందుకే ఎవరు మాట్లాడినా కళ్లు తిప్పేది కాదు. ఆ రోజు నేను ఎదురుగా నిలబడి, నోరు బాగా తెరిచి, ఒక్కొక్క మాటా తేటగా అన్నాను. ఆమెకు అందకుండా పోయింది ఒక్కటి కూడా లేదు.

ఏదో అనాలని నోరు తెరిచాను. అమ్మ నా నోటి వైపే చూస్తోంది. ఆ చూపు ముందు నాకు మాట రాలేదు. రేపు చెప్దాం అనుకుని లేచి వచ్చాను. రేపు అనుకుంటూనే రోజులు గడిచాయి. తొలకరి పడక ముందే అమ్మ పోయింది. తెల్లటి పొడుగు అంగీ వేసి పంపించాం. ఆమె వాడినవన్నీ తీసేయాలన్నారు, కుండ కూడా తీసేశారు. స్పీకర్‌ను నాయిన చాచాకే ఇచ్చి వచ్చాడు.

చిన్నోడా, పెద్దవా చిన్నవా అని అడిగావు. నాకు తెలియదు నాయనా. ఎవరు వింటారో, వాళ్లు ఎట్లా ఉన్నారో ముందు చూసుకో. ఆ తర్వాత నీ దగ్గరున్న డబ్బుకు ఏది వస్తే అది కొనుక్కో.

ఇక నా సంగతి. మీరు ఎప్పుడూ అంటుంటారు కదా, అమ్మమ్మ ఎవరినీ గట్టిగా ఒక మాట అనదు, చాలా నెమ్మది అని. నేను పుట్టుకతో నెమ్మది మనిషిని కాదు. నా మాట వింటూ ఎవరైనా నా నోటి వైపు చూస్తే, ఇప్పటికీ నా గొంతు అక్కడే ఆగిపోతుంది.