నాకు వినపడని సముద్రం

పాశమైలారంలో మేం చేసేవి నీళ్ల ట్యాంకులు. ప్లాస్టిక్ పొడిని ఇనప మౌల్డులో పోసి, వేడి గదిలో అటూ ఇటూ తిప్పుతూ కాలిస్తే, ఆ పొడి కరిగి మౌల్డు లోపలి గోడలకు అంటుకుని ట్యాంకవుతుంది. ఆ గది పక్కనే చెవులు చిల్లులు పడే రొదతో గాలి తోసే పెద్ద బ్లోయర్ ఉంటుంది. పదిహేడేళ్లు దాని పక్కన నిలబడి ట్యాంకుల గోడల మందం కొలిచాను. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన బిరడాలు వేసవి చెమటకు జారిపోతుంటే తీసి జేబులో వేసుకునేదాన్ని. నలభై దాటేసరికి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి సగం మిగిలింది.

వినికిడి ఒక్కరోజులో పోదు. మొదట క్యాంటీన్లో పక్క టేబుల్ దగ్గరి మాటలు పోయాయి. తర్వాత ఎదుటి మనిషి మాటల్లో చివర్లు పోయాయి. "ఏందక్కా, ఎన్నిసార్లు చెప్పాలె నీకు" అని మొదట్లో నవ్వుతూనే విసుక్కునేవాళ్లు. కొన్నాళ్లకు విసుక్కోవడం కూడా మానేశారు. అందరూ గొల్లున నవ్వినప్పుడు ఏమైందని అడిగితే "ఏం లేదు తియ్యక్కా" అనేవాళ్లు. ఆ ఒక్క మాట మాత్రం నాకు ఎప్పుడూ స్పష్టంగా అర్థమయ్యేది. దాంతో డబ్బా పట్టుకుని స్టోర్ రూం మెట్ల మీద కూర్చుని తినడం అలవాటు చేసుకున్నాను. పెళ్లయిన ఆరేళ్లకే మేం విడిపోయాం, పిల్లలు లేరు. కిష్టారెడ్డిపేటలో కిరాయికి ఒక గది. సాయంత్రం ఇంటికొచ్చి చెవి మిషన్ తీసి పక్కన పెడితే, మర్నాడు కంపెనీ బస్సు ఎక్కేదాకా దాని అవసరమే పడేది కాదు.

అలాంటి రోజుల్లో మా షెడ్డుకు కొత్త మౌల్డు ఒకటి వచ్చింది. పొడుగ్గా, రెండు కొసలా మొనతేలి ఉంది. మౌల్డులు బిగించే పెద్దాయన సంగారెడ్డి నుంచి వస్తాడు. అందరం ఆయన్ని చాచా అంటాం. నాతో ఏదైనా చెప్పాలంటే ముందు స్పానర్‌తో టేబుల్ మీద తట్టి, నేను ఆయన ముఖం చూశాకే నోరు విప్పే మనిషి ఆ షెడ్డులో ఆయనొక్కడే.

"గిదేంది బేటీ, గింత సన్నగుంది?" అన్నాడు ఆ రోజు. "గిందుల నీళ్లు వడ్తరా?"

"నీళ్లు పట్టరు చాచా. నీళ్ల మీద పోతరంట. కయాక్ అంటరు. ఒక్కరే కూసొని తెడ్డేసుకుంట సముద్రంల పోతరు."

"ఒక్కరేనా? పరేషాన్ కారా?" అని తల ఊపుతూ బోల్టులు బిగించడానికి పోయాడు.

ఆ పడవలు చేయించుకుంటున్నది భీమిలిలో కయాకింగ్ నేర్పే ఒకామె. మొదటి నాలుగు పడవలు చూసుకోవడానికి ఆమే వచ్చింది. నాకంటే కొన్నేళ్లు చిన్నది. ఎండకు ముక్కు మీద తోలు ఊడి ఉంది. పడవ అడుగు మందం ఎక్కడ ఎంత వచ్చిందో నేను చెబుతుంటే చివరిదాకా విని, ఏదో అడిగింది. నాకు అందలేదు. రెండోసారి అడిగినా అందలేదు. "ఏం లేదు" అంటుందనుకున్నాను. ఆమె నా చేతిలో ఉన్న కాగితం తీసుకుని, దాని వెనక రాసి చూపించింది. "మీరు ఎప్పుడైనా వీటిలో కూర్చున్నారా?"

"కూసోలే మేడం. అసలు సముద్రమే చూడలే."

ఆమె మా మేనేజర్ దగ్గరికి వెళ్లి ఏం చెప్పిందో తెలియదు. పడవలు నీళ్లలో ఎలా ఉన్నాయో చూసి, లోపాలు రాసుకుని రమ్మని నన్ను నాలుగు రోజులు భీమిలికి పంపించారు. షెడ్డులో కొందరికి అది నచ్చలేదని వాళ్ల ముఖాలే చెప్పాయి. చాచా మాత్రం స్పానర్‌తో తట్టి, "ఈత వస్తదా?" అని అడిగాడు.

"వస్తది. చిన్నప్పుడు మా నాయిన నడుముకు బెండు కట్టి బావిల దూకిచ్చిండు."

"మంచిది. అయినా జెర పైలం బేటీ. బావి వేరు, దరియా వేరు."

పైలం, జాగ్రత్త అనే మాట చాలా ఏళ్లుగా నాకు ఎవరూ చెప్పలేదు. బస్సులో రాత్రంతా అదే గుర్తొచ్చింది.

భీమిలి ఒడ్డున తెల్లవారి ఆరింటికి మా పడవలు నాలుగూ, వాళ్ల పాతవి రెండూ ఇసుకలో వరసగా ఉన్నాయి. మొత్తం ఆరుగురం. నేర్పే ఆమె, వైజాగ్‌లో ఉద్యోగాలు చేసే ముగ్గురు స్నేహితులు, బ్యాంకు పని నుంచి రిటైరైన ఒక పెద్దాయన, నేను. చెవి మిషన్ తడవకూడదు కాబట్టి గదిలోనే వదిలి వచ్చాను. వాళ్లు మాట్లాడుకుంటుంటే నాకు పెదాలు కదలడం తప్ప ఏమీ తెలియలేదు. సముద్రం ఘోష పెడుతుందని అందరూ అంటారు. నేను చూసిన సముద్రం నిశ్శబ్దంగా వచ్చింది, నిశ్శబ్దంగా విరిగింది, వెనక్కి పోయింది.

మొదటి రోజు గాలి లేదు. ఒడ్డుకు దగ్గరగా, నడుం లోతులో, పడవ బోల్తా పడితే ఏం చేయాలో నేర్పారు. బోల్తా పడిన పడవ ముక్కును మన పడవ మీదికి లాగి నీళ్లు ఒంపడం, తిరగేసి మన పక్కకు తెచ్చి రెండు చేతులా గట్టిగా పట్టుకోవడం, నీళ్లలో ఉన్న మనిషి దాని మీదికి పాకేదాకా వదలకపోవడం. నేను నాలుగుసార్లు పడ్డాను, ఐదుసార్లు పట్టుకున్నాను. ఆ తర్వాత ఆమె ఇంకోటి నేర్పింది. నీళ్ల మీద మాటలు అందవు కాబట్టి తెడ్డుతో చెప్పుకోవాలి. తెడ్డు తలపైన అడ్డంగా పట్టుకుంటే ఆగమని. నిలువుగా ఎత్తితే రమ్మని. నిలువుగా ఎత్తి అటూ ఇటూ ఊపితే ఆపదలో ఉన్నానని.

నాకు ఒక్కసారి చూపిస్తే చాలు. మిగతావాళ్లు మర్చిపోయి మాటిమాటికీ అరుచుకుంటూనే ఉన్నారు.

తీరం వెంట దక్షిణంగా ఎర్రమట్టి దిబ్బలు కనిపించేదాకా వెళ్లాం. నీళ్లు నూనెలా ఉన్నాయి. తెడ్డు వేసిన చోట చిన్న సుడి పుట్టి, వెనక్కి జారి, మాయమయ్యేది. నేను కొలిచి సరేనని ముద్ర వేసిన ప్లాస్టిక్ గోడ నా మోకాళ్లకు ఆనుకుని ఉంది. దాని అవతల నీళ్లు కదులుతుంటే తొడల్లో తెలుస్తోంది. ఇన్నేళ్లలో నేను చేసిన వస్తువు పనికొస్తుంటే చూడడం అదే మొదలు. ట్యాంకులైతే ఎవరి డాబాల మీదికి పోతాయో మనకెలా తెలుస్తుంది?

సాయంత్రం మెస్సులో అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. చెవి మిషన్ పెట్టుకున్నాను. ఫ్యాను, గిన్నెలు, నవ్వులు అన్నీ కలిసిపోయి ఒకటే రొద. వాళ్లు నవ్వినప్పుడు నేనూ నవ్వాను. రెండోసారి నవ్వబోయేసరికి అది నవ్వే విషయం కాదని వాళ్ల ముఖాలు చూసి తెలుసుకున్నాను. తల నొప్పిగా ఉందని చెప్పి గదికి వచ్చేశాను. పాశమైలారం నుంచి ఇంత దూరం వచ్చినా నేను స్టోర్ రూం మెట్ల మీదే ఉన్నాను.

రెండో రోజు గాలి లేచింది. కెరటాలు పెద్దవి కావు కానీ అన్ని వైపుల నుంచీ పొడిచాయి. బిగుసుకుంటే పడవ బోల్తా పడుతుంది, నడుం వదులుగా ఉంచితే పడవ తన పని తాను చూసుకుంటుంది. అది తెలిసేసరికి గంట పట్టింది. తెలిశాక మాత్రం చెప్పలేని సంతోషం. ఉప్పునీళ్లు ముఖాన కొడుతుంటే గట్టిగా అరిచాననుకుంటాను. నా గొంతు నాకు వినపడలేదు. చుట్టూ చూస్తే మిగతా ఐదుగురూ నోళ్లు తెరిచి ఏదో అరుస్తున్నారు, ఒకరి మాట ఒకరికి అందడం లేదు. ఆ గాలిలో అందరూ నాలాంటివాళ్లే. అది తలుచుకుంటే ఇప్పటికీ కొంచెం సిగ్గుగా ఉంటుంది, కానీ ఆ గంట నాకు హాయిగా ఉంది.

మూడో రోజు గాలి తగ్గింది కానీ దూరంగా ఎక్కడో రేగిన తుఫాను పొంగు మా దాకా వచ్చింది. నున్నగా, ఎత్తుగా, తొందర లేకుండా వచ్చే అలలు. పడవ ఒక దిబ్బ ఎక్కినట్టు ఎక్కి, లోయలోకి దిగేది. లోయలో ఉన్నప్పుడు తీరం కనపడదు, తోటివాళ్లు కనపడరు. ఒడ్డున వల సర్దుకుంటున్న ఒక ముసలామె మేం బయల్దేరేముందు నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. నేర్పే ఆమె తర్వాత చెప్పింది, "ఏటమ్మా, ఒక్కో పడవలో ఒక్కరే ఎలిపోతన్నారు, తోడు లేకుండానా?" అన్నదట.

రాళ్ల కొండ ఒకటి సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోట, దాన్ని చుట్టి అవతలికి వెళ్లాలి. ఐదుగురం ముందు, పెద్దాయన అందరికంటే వెనక. నాకో అలవాటుంది. రోడ్డు మీద వెనక నుంచి వచ్చే లారీ హారన్ వినపడదు కాబట్టి, ఎక్కడున్నా ప్రతి నిమిషానికీ వెనక్కి తిరిగి చూస్తాను. అంతకుముందు తిరిగినప్పుడల్లా అలలే అడ్డొచ్చాయి. ఈసారి తిరిగినప్పుడు, అల పైన నేను, కింద లోయలో పసుపు రంగు పడవ అడుగు. పక్కన నిలువుగా ఊగుతున్న తెడ్డు. మరుక్షణం నేను కిందికి దిగిపోయాను, ఏమీ కనపడలేదు.

ముందున్నవాళ్ల వైపు చూశాను. నలుగురూ రాళ్ల వైపే చూస్తూ పోతున్నారు. అరిచాను. అలలు రాళ్లకు కొడుతున్న చోట నా అరుపు ఎవరికి అందుతుంది? పడవ వెనక్కి తిప్పాను.

ఆయన పడవ పట్టుకుని వేలాడుతున్నాడు. పొంగు ఆయన్ని కొంచెం కొంచెంగా రాళ్ల వైపు నెడుతోంది. నోరు తెరుచుకుని ఉంది, చాలాసేపటి నుంచి అరుస్తున్నాడని అర్థమైంది. నన్ను చూడగానే గబగబా ఏదో చెప్పడం మొదలుపెట్టాడు.

"నాకు వినపడదు సార్!" అన్నాను. "జల్దీ నా పడవ ముక్కు పట్టుకోండ్రి. మాట్లాడకుండ్రి."

ఆయన పడవ ముక్కును నా పడవ మీదికి లాగాను. నీళ్లతో బరువుగా ఉంది. మొదటిసారి జారిపోయింది. రెండోసారి అల పైకి లేపుతుంటే ఆ ఊపులోనే లాగాను. నీళ్లు ఒంపి, తిప్పి, పక్కకు తెచ్చి, దాని మీద బోర్లా పడినట్టు వాలి రెండు చేతులా పట్టుకున్నాను. ఆయన పాకడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి ఆయన మోచెయ్యి నా దవడకు తగిలింది. ఎక్కాడు. అప్పటికి రాళ్ల మీద పెరిగిన పాచి నాకు స్పష్టంగా కనపడుతోంది. ఇద్దరం ఒకరి పడవ ఒకరం పట్టుకుని, చెరో చేత్తో తెడ్డేస్తూ బయటికి వచ్చాం. అప్పుడు ముందున్నవాళ్లలో ఎవరో వెనక్కి తిరిగి చూశారు. నేను తెడ్డు నిలువుగా ఎత్తాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర అందరూ నా చుట్టూ చేరి ఒకేసారి మాట్లాడారు. మెచ్చుకుంటున్నారని తెలుస్తోంది, ఏమంటున్నారో తెలియడం లేదు. పెద్దాయన మాత్రం కుర్చీ జరుపుకుని నా ఎడమ పక్కన కూర్చున్నాడు. వడ్డన అయ్యాక నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి అన్నాడు. "పది నిమిషాలు అరిచానమ్మా. ఎవరికీ వినపడకపోతే ఎలా ఉంటుందో నాకు ఇవాళ తెలిసింది."

నేను పప్పు గిన్నె ఆయన వైపు జరిపాను.

తిరిగి వచ్చి రిపోర్టు రాశాను. ముక్కు దగ్గర మందం పెంచాలి, కూర్చునే చోట అంచు గరుకుగా ఉంది. చాచా అంతా చెప్పించుకుని విన్నాడు. "మనిషిని కాపాడిన్నని గిట్ల మెల్లగ చెప్తవేంది! లౌడ్ స్పీకర్ వెట్టి చెప్పాలె" అన్నాడు. ఆ తర్వాత వచ్చిన మార్చిలో ఆయన పని మానేశాడు. మోకాళ్లు సహకరించడం లేదు. ఇప్పుడు షెడ్డులో టేబుల్ మీద తట్టేవాళ్లు లేరు. మందం చాలక పక్కన పడేసిన పడవ ఒకటి మేనేజర్‌ని అడిగి తీసుకున్నాను. ఆదివారాలు ట్రాలీ ఆటోలో సింగూరు డ్యాం వెనక నీళ్లకు తీసుకెళ్తాను. కొంగలు, ఎండిన తుమ్మ కొమ్మలు, అప్పుడప్పుడూ వల వేసే ఒక మనిషి. మధ్యాహ్నం దాకా తెడ్డేసి తిరిగి వస్తాను. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడని ఆదివారాలు చాలా ఉన్నాయి. పడవ ఉందని ఒంటరితనం పోలేదు. కానీ గదిలో కూర్చున్నప్పుడు ఉన్నంత ఇరుకుగా లేదు.

భీమిలికి ఏడాదికి ఒకసారి వెళ్తున్నాను. ముగ్గురు స్నేహితుల్లో ఇద్దరు బెంగుళూరు వెళ్లిపోయారు. పెద్దాయన ఇంట్లోవాళ్లు ఆయన్ని నీళ్లలోకి దిగనివ్వడం లేదట. మొన్న చలికాలంలో నేర్పే ఆమె, నేను ఇద్దరమే బయల్దేరాం. ఒడ్డు వదిలిన పావుగంటకు మంచు కమ్మింది. తెడ్డు కొస కూడా కనపడనంత తెలుపు. మంచులో ఈల వేసి ఒకరినొకరు వెతుక్కుంటారు. నాకు ఈల వినపడదు. నాకు చూపే ఆధారం, ఇప్పుడు అదీ లేదు. భయం వేసింది. నా జీవితంలో అంత ఒంటరిగా ఎప్పుడూ లేను.

ఆమె పడవ నా పడవకు మెల్లగా తగిలింది. తన పడవకు కట్టి ఉన్న సన్నటి తాడు రెండో కొసను నా పడవ ముక్కు దగ్గరి కడియంలోంచి లాగి, నా ఎదుట కట్టి, నా ముఖానికి దగ్గరగా వచ్చి, "ఒకసారి లాగితే బాగున్నానని. రెండుసార్లు లాగితే ఆగమని. సరేనా?" అంది.

సరేనన్నాను. ఆమె ముందుకెళ్లి మంచులో కలిసిపోయింది. చాలాసేపు తెలుపు తప్ప ఏమీ లేదు. కాసేపటికొకసారి పడవ ముక్కు చిన్నగా కదిలేది. నేను చెయ్యి చాచి, తాడు అందుకుని, ఒకసారి లాగేదాన్ని.