వేట ఆగిన రోజుల్లో అత్త బ్యాటరీలు

ఫోన్ మోగేసరికి నేను బ్యాటరీల పాకలో ఉన్నాను. విజయవాడ ఆస్పత్రి నుంచి మా ఆయన. "అమ్మ పోయింది," అన్నారు.

ఒక చేతిలో ఫోను, రెండో చెయ్యి చార్జర్ క్లిప్పు మీద. ముందు స్విచ్ కట్టేశాను. తరువాత క్లిప్పులు తీశాను. ఆ తరువాతే నేల మీద కూలబడ్డాను. కరెంటు పారుతుండగా క్లిప్పు లాగితే నిప్పురవ్వ లేస్తుందనీ, చార్జింగ్ ఎక్కుతున్న బ్యాటరీలోంచి వచ్చే ఆవిరి అంటుకోవడానికి ఆ రవ్వ చాలనీ నాకు నేర్పింది మా అత్తే. ఆవిడ పోయిందన్న కబురు విన్న నిమిషంలో కూడా నా చేతులు ఆవిడ చెప్పినట్టే చేశాయి.

ఇంట్లో నేను ఆవిణ్ణి 'అత్తా' అనే పిలిచేదాన్ని. ఇక్కడా అలాగే రాస్తాను. నేను భవానీపురంలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న కృష్ణలో వల వేసేవాడు, తెడ్డు పడవ మీద. పెళ్ళయి ఉప్పుటేటి ఒడ్డునున్న ఈ ఊరికి వచ్చేదాకా ఇంజను బోటు ఎక్కి ఎరగను. వచ్చిన మొదటి వేసవిలోనే వేట నిషేధం మొదలైంది. ఏటా ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలల పాటు బోట్లన్నీ ఏటి ఒడ్డుకు చేరతాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ, చింతచెట్ల కింద నిద్రపోతూ గడుపుతారు. మా అత్తకు మాత్రం పని అప్పుడే మొదలయ్యేది.

బోటులోంచి బ్యాటరీలు రెండూ దింపించేది. పెరట్లో తాటాకు పాకలో ఒక చెక్క మీద పెట్టించి, వేడినీళ్ళలో తినే సోడా కలిపి తుడిచేది. తీగలు తగిలించే బుడిపెలకు గ్రీజు రాసేది. పదిహేను రోజులకోసారి మూతలు తీసి, లోపలి నీళ్ళ మట్టం చూసి, నెమ్మదిగా చార్జింగ్ పెట్టేది. ఆ పనికి ఆవిడకు ఒక పాత చీర ఉండేది. యాసిడ్ చుక్కలు పడి జల్లెడలా అయిపోయింది. దాన్ని కట్టుకుని ఆవిడ పాకలోకి వెళ్తుంటే ఎంతటివాడైనా చుట్ట ఆర్పి పక్కన నిలబడాల్సిందే.

ఈ విద్య ఆవిడ చల్లపల్లిలో నేర్చుకుంది. తొంభైల్లో మా మామగారు మొదటి ఇంజను బోటు కొన్నప్పుడు, వానల్లో కొన్నాళ్ళు కట్టేసి ఉంచితే బ్యాటరీలు చచ్చి ఊరుకున్నాయట. ఇంజను తిరగలేదు. అందరి బోట్లూ వేటకు పోతుంటే మా బోటు ఒడ్డున పడి ఉంది. ఆవిడే ఆ బ్యాటరీలు బస్సు మీద వేసుకుని చల్లపల్లిలో ఒక సాయిబుగారి చార్జింగ్ షాపుకు తీసుకెళ్ళింది. ఇక్కడ పెట్టి వెళ్ళమ్మా, రేపు తీసుకుందువుగాని అన్నాడట ఆయన.

"ఎట్టా ఎక్కుద్దో నాకు చూడాలనుంది భాయ్," అని ఆవిడ షాపు ముందు కూర్చుంది. రెండు రోజులు కూర్చుంది. ఆఖరికి ఆయనే ఒక స్టూలు వేసి, గాజు గొట్టం చేతికిచ్చి చూపించాడు. ఆ గొట్టానికి ఒక చివర రబ్బరు బుడ్డి ఉంటుంది. బ్యాటరీలోని నీళ్ళు కాసిని పైకి లాగితే, లోపల చిన్న తేలుడు పుల్ల లేస్తుంది. దాని మీద ఎర్రగీత, తెల్లగీత, పచ్చగీత. నీళ్ళు పచ్చగీత దగ్గరుంటే బ్యాటరీకి ప్రాణం ఉన్నట్టు. సాయిబుగారు చెప్పిన మాట ఆవిడ నాకు ఎన్నోసార్లు చెప్పింది: "వాడకుండా పక్కన పెట్టిన బ్యాటరీ నిద్రపోతోంది అనుకోమాకమ్మా. అది రోజుకి కాస్త కాస్త చస్తా ఉంటది."

ఊళ్ళో అందరూ నిషేధం రోజుల్లో బోటు బ్యాటరీలు ఇంటికి తెచ్చుకుని, కరెంటు పోయినప్పుడు టీవీలకు పెట్టుకునేవారు. మా అత్త ఇచ్చేది కాదు. ఒకసారి క్రికెట్ మ్యాచ్ మధ్యలో కరెంటు పోతే బోట్ల సంఘం పెద్ద తనే వచ్చి అడిగాడు. ఊరికి పెద్దమనిషి. వరసకు ఆవిడకు అన్న.

"ఒక్క గంట చెల్లెమ్మా."

"గంటకి నీకు మ్యాచ్ అయిపోద్ది అన్నా. మావోడికి సముద్రం మీద ప్రాణం నిలబెట్టేది ఆ గంటే," అంది ఆవిడ. ఆయన నవ్వేసి వెళ్ళిపోయాడు కానీ, ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. అయినా ఏ బోటు ఇంజను మొరాయించినా బ్యాటరీ మోసుకుని మా పాకకే వచ్చేవారు. ఆవిడ గొట్టం పెట్టి చూసి చెప్పిందంటే అదే మాట.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

మా పాపకు అప్పుడు ఎనిమిది నెలలు. నిషేధం ఇంకో వారంలో ముగుస్తుందనగా మా ఆడపడుచుకు కాన్పు వచ్చి అత్త గన్నవరం వెళ్ళింది. వెళ్తూ, "పాక జోలికి ఎవర్నీ రానీయమాక," అంది. ఆవిడ వెళ్ళిన మర్నాడే గాలిదుమారానికి కరెంటు స్తంభాలు పడిపోయాయి. రెండు రోజులు కరెంటు లేదు. పాపకు ఒళ్ళంతా చెమటకాయలు, పైన జ్వరం. గుక్కపట్టి ఏడుస్తోంది. వ్యాను డ్రైవర్లు పెట్టుకునే చిన్న ఫ్యాను ఒకటి ఇంట్లో ఉంది. మా ఆయన ఇంజను పని మీద బందరు వెళ్ళారు. నేను ఒక బ్యాటరీని ఈడ్చుకొచ్చి ఆ ఫ్యాను తగిలించాను. పాప నిద్రపోయింది. ఫ్యాను తనంతట తనే ఆగిపోయేదాకా తిప్పాను.

కరెంటు వచ్చాక నాలుగు గంటలు చార్జింగ్ పెట్టాను. చార్జర్ ముల్లు లేచింది. అమ్మయ్య అనుకుని బ్యాటరీని చెక్క మీద ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

అత్త తిరిగి వచ్చింది సరిగ్గా బోట్లు కదిలే రోజు తెల్లవారాక, మొదటి బస్సుకు. అప్పటికే మా ఆయన బ్యాటరీలు బోటుకెక్కించారు. ఇంజను ఒక్క దెబ్బకే తిరిగింది. ఒడ్డున నిలబడి, చేతిసంచి ఇంకా కింద పెట్టకుండానే ఆవిడ నన్నడిగింది:

"గొట్టం పెట్టి చూశావా?"

"చూశానత్తా."

"పచ్చగీతేనా?"

"పచ్చగీతే."

ఆవిడ తలాడించింది. బోటు మలుపు తిరిగి, ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు కనుమరుగైంది. అందులో మా ఆయన, ఇంకో ముగ్గురు.

మొదటి రోజు గడిచింది. రెండో రోజు పొద్దున్నే గాలి తిరిగింది. పదింటికల్లా బోట్లు ఒక్కొక్కటే ఏట్లోకి వచ్చేయసాగాయి. నేను పాపను చంకనేసుకుని వచ్చిన ప్రతి బోటునూ చూస్తున్నాను. పన్నెండు దాటింది. మా బోటు తప్ప అన్నీ వచ్చాయి. సంఘం పెద్ద తన బోటులోంచి వైర్‌లెస్‌లో పిలిచి పిలిచి, "పలకట్లేదు," అంటూ దిగాడు. బోటు గాలికి కొట్టుకుపోయి ఉంటుంది, దక్షిణంగా వెతకాలి అని మగవాళ్ళు అనుకుంటున్నారు. ఒడ్డున ఎవరో ఆడమనిషి అప్పుడే ఏడుపు అందుకుంది.

అత్తను పక్కకు లాగి చెప్పేశాను. ఫ్యాను సంగతీ, గొట్టం పెట్టకుండానే పెట్టి చూశానని చెప్పిన సంగతీ.

కొడుతుందనుకున్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది.

"ఏడవమాక. అడిగిందానికి చెప్పు. ఫ్యాను నువ్వు ఆపావా, అదే ఆగిందా?"

"అదే ఆగింది."

"ఆగినాక ఎన్నాళ్ళకి ఎక్కించావు?"

"రెండో రోజుకి. నాలుగు గంటలు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి, లెక్క వేసుకుంటున్నట్టు. మా బోటులో రెండు బ్యాటరీలూ కలిస్తేనే ఇంజను తిరుగుతుంది. వైర్‌లెస్, దీపాలూ వాటి మీదే. ఒకటి చస్తే రెండోదీ ఎందుకూ కొరగాదు.

"పైపైన ఎక్కింది. ఒక్క దెబ్బకి తిరిగింది, అంతే," అంది. కళ్ళు తెరిచింది. "వాడు మునగలేదే. మొదటి వల ఎప్పుడూ మొగకి తూర్పునే ఏస్తాడు. లంగరేసి ఇంజను ఆపుతాడు. ఆపాక మళ్ళీ తిరగలా. మాట్టాడదామంటే వైర్‌లెస్ లేదు. లంగరు పట్టినంతసేపూ అక్కడే ఉంటాడు."

అప్పుడు గబగబా మగవాళ్ళ మధ్యకు నడిచింది. నేను వెనకే పరిగెత్తాను. చెప్పాల్సింది నేను. నోరు తెరవబోయేసరికి ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అన్నా, దక్షిణంగా పోమాకండి. తూర్పుకి పోండి. వాడి బ్యాటరీ చచ్చింది. ఊరెళ్ళే తొందర్లో నేను గొట్టం పెట్టి చూడకుండా వదిలేశాను. తప్పు నాదే."

సంఘం పెద్ద ఆవిడ వంక చూశాడు. "ఊరందరికీ పాఠాలు చెప్పేదానివి! మీ ఇంటి బ్యాటరీ చూసుకోలేదా?"

"లేదన్నా. పొరపాటైంది. తిట్టేది వచ్చాక తిట్టు. లంగరు తెగేలోపు పో."

ఆయన ఆ గాలిలో తన బోటు తీశాడు. అది మాత్రం చెప్పుకోవాలి.

ఆ తరువాత గంటలు ఎలా గడిచాయో రాయలేను. ఆవిడ ఒడ్డున గొంతుకూర్చుని మొగ వైపే చూస్తోంది. మధ్యలో ఒకసారి నావైపు తిరిగి, "పిల్లకి పాలిచ్చావా?" అంది. లేదన్నాను. "ఇవ్వు. దానికేం తెలుసు," అంది. పాప నోట్లో పాలు పడుతుంటే నా కళ్ళ నీళ్ళు దాని నెత్తిన పడ్డాయి. అలలు ఒడ్డెక్కి ఆవిడ పాదాలు తడుపుతున్నా ఆవిడ కదల్లేదు.

పొద్దు వాలుతుండగా సంఘం పెద్ద బోటు కనబడింది. వెనక తాడుకు మా బోటు. తూర్పునే దొరికారు, లంగరు మీద, ఒక పక్కంతా నీళ్ళెక్కి. నలుగురూ ప్రాణాలతో ఉన్నారు.

మా ఆయన ఒడ్డుకు దూకిన వెంటనే సంఘం పెద్ద సంగతి చెప్పాడు. ఈయన నేరుగా వాళ్ళమ్మ ముందుకొచ్చి నిలబడ్డారు. పెదాలు ఉప్పుతో పగిలి ఉన్నాయి.

"బ్యాటరీ, బ్యాటరీ అని ఊరంతా చంపుతావు గదా! సొంత కొడుకు సముద్రం మీదకి పోతుంటే చూడలేకపోయావా? నలుగురం చచ్చేవాళ్ళం! తల్లివేనా నువ్వు?"

ఊరంతా వింటోంది. ఆవిడ తలవంచుకుని నిలబడింది. నా మణికట్టు మళ్ళీ ఆవిడ పిడికిట్లోనే ఉంది. పట్టుకుంది కాబట్టి నేను మాట్లాడలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. విదిలించుకుంటే వదిలేదే. నేను విదిలించుకోలేదు.

మర్నాడు పాకలో అడిగాను, ఎందుకలా చేశావత్తా అని.

"నన్ను నాలుగు రోజులు తిడతారు. నిన్నయితే బతికున్నన్నాళ్ళూ అంటారు," అంది గొట్టం కడుగుతూ. "పిల్లకి గాలి కావాల్సొస్తే తీసుకో, కాదన్లా. తీసి నాకు చెప్పు. చెబితే మళ్ళీ ఎక్కించుకుంటాం. చెప్పకపోతే నేనేం చెయ్యను?"

ఆ రోజే గొట్టం నా చేతికిచ్చి పట్టుకోవడం నేర్పింది. చార్జర్ ముల్లును నమ్మొద్దంది. ఎక్కించాక కొన్ని గంటలు ఊరికే వదిలేసి, అప్పుడు కొలవాలంది. తనకు అబద్ధం ఎందుకు చెప్పావని ఆవిడ ఆ రోజూ అడగలేదు, తరువాతా అడగలేదు.

నాలుగు రోజులంది గానీ అంతకన్నా ఎక్కువే పట్టింది. ఆ ఏడాదంతా మా పాకకు ఒక్క బ్యాటరీ రాలేదు. ఆవిడ నీళ్ళకెళ్తే మగపిల్లలు ఏదో అని నవ్వేవారు. మా ఆయన తల్లితో ముక్తసరిగా మాట్లాడేవారు. ప్రతి నిషేధానికీ బ్యాటరీలను ఆయనే ఇంకోసారి చూసుకునేవారు, ఆవిడ కళ్ళముందే. ఆవిడ పక్కకు తప్పుకుని చోటిచ్చేది. రెండేళ్ళకు ఒకరు వచ్చారు, తరువాత ఇంకొకరు. అప్పటికి గొట్టం పట్టేది ఎక్కువగా నేనే. మా ఆయనకు నిజం చెప్పాలని ఎన్నిసార్లో అనుకున్నాను. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

పెద్దకర్మ నాడు ఏటి ఒడ్డున షామియానా వేశాం. ఊరంతా వచ్చింది. భోజనాలకు ముందు సంఘం పెద్ద లేచాడు. ముసలివాడైపోయాడు. రెండు మంచి మాటలు చెప్పాడు. ఆఖరున, ప్రేమగానే, "మా చెల్లెమ్మ జన్మలో ఒక్కసారే పొరపాటు పడింది. అందరికీ గుర్తుండే ఉంటది," అన్నాడు. నలుగురైదుగురు నవ్వారు.

నేను లేచి నిలబడ్డాను.

"ఆవిడ పొరపాటు పడలేదు బాబాయ్," అన్నాను. "బ్యాటరీ పాడుచేసింది నేను. ఆవిడ అడిగితే అబద్ధం చెప్పింది కూడా నేనే. నా మీదకి రాకూడదని ఆవిడ మీదేసుకుంది. మీరందరూ అన్న మాటలన్నీ నేను పడాల్సినవి."

సంఘం పెద్ద కుర్చీ చేయి పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. "బ్యాటరీ విషయంలో ఆవిడెట్టా పొరబడిందా అని ఆ రోజే అనుకున్నాను. అనుకుని కూడా తిట్టాను," అన్నాడు.

నేను మా ఆయన వైపు చూశాను. నా మీద కేకలేస్తారని చూశాను. ఆయన నా వంక చూడనేలేదు. గుండు చేయించుకున్న తల మీద ఒకసారి చేయి వేసుకున్నారు. లేచి, షామియానా దాటి, చెప్పులైనా విడవకుండా ఏట్లోకి దిగారు. అప్పుడే ఏటికి సముద్రపు పోటు తగిలింది. నీళ్ళు ఆయన మోకాళ్ళు దాటి నడుము దాకా వచ్చాయి. కొత్త పంచె నీళ్ళ మీద తెల్లగా విచ్చుకుని తేలుతోంది. మాకు వీపు పెట్టి, మొగ వైపు తిరిగి, ఆయన అలాగే నిలబడి ఉన్నారు. విస్తళ్ళలో అన్నం చల్లారిపోతున్నా ఎవరూ ఆయన్ని పిలవలేదు.